బొమ్మ కొనేముందు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ల నోరు గుర్తు చేసుకోండి

మా పెద్దవాడికి ఆరేళ్లు, చిన్నదానికి పద్నాలుగు నెలలు. పోయిన నెల వాడు ఎవరిదో పుట్టినరోజుకి వెళ్లి రిటర్న్ గిఫ్ట్‌గా వెలిగే ఉంగరం ఒకటి తెచ్చుకున్నాడు. రెండు రోజులు దాన్ని వేలికి పెట్టుకుని లైట్లన్నీ ఆర్పేసి ఇల్లంతా తిరిగాడు, మూడోరోజు మర్చిపోయాడు. వాడు మర్చిపోయినదాన్ని చిన్నది సోఫా కింద వెతికి పట్టుకుంది. నేను చూసేసరికి ఉంగరం వెనక మూత ఊడిపోయి ఉంది, లోపల ఉండాల్సిన బటన్ సెల్, అదే గుండీ అంత ఉండే గుండ్రటి బ్యాటరీ, లేదు. దాని నోట్లో చూశాను, గుప్పిట విప్పి చూశాను, ఆసుపత్రికి బయల్దేరడానికి చెప్పులు వేసుకుంటుండగా మా ఆయన చాప మడతలోంచి సెల్ తీసి చూపించాడు. ఆ పది నిమిషాల టెన్షన్ ఎవరికీ వద్దు.

అప్పటిదాకా నేను పెద్దవాడికి బొమ్మ కొంటే పెద్దవాడి వయసే చూసేదాన్ని. ఇప్పుడు ముందు చిన్నదాని నోరు చూస్తున్నాను. మీ ఇంట్లో ఒక్కరే ఉన్నా, పక్కింటి పాప రోజూ వచ్చి ఆడుకుంటుంటే లెక్కలోకి ఆ పాప కూడా వస్తుంది.

పెట్టె మీది వయసు తెలివికి కొలత కాదు

షాపులో నేను ఎక్కువసార్లు విన్న మాట: "మా వాడు చాలా చురుకండీ, అయిదేళ్ల వాళ్లది ఇచ్చినా చేసేస్తాడు." చేస్తాడు, కాదనను. కానీ పెట్టె మీద మూడేళ్లు దాటినవారికి అని రాసేది చాలాసార్లు బుర్ర గురించి కాదు, అందులో చిన్న ముక్కలున్నాయని. ఎర్ర గీత కొట్టిన గుండ్రంలో పిల్ల మొహం, 0-3 అని అంకెలు ఉంటాయి చూడండి, దాని అర్థం మూడేళ్లలోపు వాళ్లకి ఇవ్వొద్దని. రెండేళ్లవాడు ఎంత తెలివైనవాడైనా ముక్కని నోట్లో పెట్టుకునే చూస్తాడు, వాడి గొంతు రెండేళ్ల గొంతే.

చిన్న ముక్క అంటే ఎంత అని మీకు అనుమానం రావచ్చు. పరీక్ష చేసే ల్యాబుల్లో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం ఉంటుంది, పసివాళ్ల నోరూ గొంతూ అంతే ఉంటాయన్న లెక్కలో చేసింది. ఆ గొట్టంలో పూర్తిగా పట్టేసే వస్తువేదీ మూడేళ్లలోపు వాళ్ల బొమ్మలో ఉండకూడదు. మన పది రూపాయల నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు, అంటే నాణెం కంటే కాస్త పెద్ద ముక్క కూడా ప్రమాదమే. ఇంట్లో చూసుకోవడానికి టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం సరిపోతుంది, అందులోంచి జారి పడేదాన్ని పైన అలమారాలో పెట్టేయండి. ఆ గొట్టం ల్యాబు గొట్టం కంటే కొంచెం వెడల్పే, పసివాళ్ల విషయంలో ఆ ఎక్కువ జాగ్రత్త మంచిదే.

బంతుల లెక్క వేరు. గుండ్రంగా ఉన్నది గొంతుకి అడ్డం పడితే గాలి ఏ పక్క నుంచీ పోదు కాబట్టి వాటికి కొలత ఇంకా పెద్దది, 44.5 మిల్లీమీటర్లు. టేబుల్ టెన్నిస్ బంతి 40 మిల్లీమీటర్లే. తేలిగ్గా ఉంటుంది, తగిలినా దెబ్బ తగలదు అని రెండేళ్లవాడికి అదే ఇచ్చే ఇళ్లు చాలా చూశాను. ఇవ్వకండి.

షాపులో ముందు ఐఎస్ఐ గుర్తు చూడండి

2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్లలోపు పిల్లల కోసం అమ్మే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. దేశంలో చేసినదైనా, బయటి నుంచి తెప్పించినదైనా అంతే. గుర్తు పైన ఐఎస్ నంబరు ఉంటుంది, మామూలు బొమ్మకి 9873, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేదానికి 15644. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఉత్త గుర్తు ఎవరైనా అచ్చేసుకోవచ్చు కాబట్టి ఆ నంబరు ముఖ్యం. ఫోన్లో బీఐఎస్ కేర్ అనే యాప్ వేసుకుని అందులో నంబరు కొడితే ఆ లైసెన్సు ఎవరిది, ఇంకా చెల్లుతుందా లేదా అన్నది వచ్చేస్తుంది. మొదటిసారి షాపతని ముందు నిలబడి ఇదంతా చేయాలంటే నాకు మొహమాటమేసింది, ఇప్పుడు లేదు.

గుర్తు ఉంది కదా అని ఊరుకోకుండా బొమ్మని చేతిలోకి తీసుకోండి. ప్యాకింగ్ విప్పనివ్వకపోతే ఇంటికొచ్చాక, పిల్లలకి కనిపించకముందే ఇవన్నీ చేయండి, బిల్లు దాచుకోండి.

వాసన చూడండి. ఘాటుగా పెయింటు వాసనో, కొత్త రెయిన్‌కోటు వాసనో కొడితే పక్కన పెట్టండి. తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దండి, రంగు గుడ్డకి అంటితే చొంగకి కూడా అంటుతుంది. టెడ్డీబేర్ కళ్లూ ముక్కూ పట్టుకుని మొహమాటం లేకుండా లాగండి, మీరు లాగకపోతే పిల్లలు ఎలాగూ లాగుతారు. కుట్ల దగ్గర బట్టని అటూ ఇటూ లాగి చూడండి, లోపలి దూది బయటికొస్తుందా అని. అంచుల వెంట వేలు నడపండి, అచ్చు పోసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ అంచులు బ్లేడులా ఉంటాయి. తాడున్న బొమ్మైతే జానతో కొలవండి, ఏడాదిన్నర లోపు పిల్లలకి జానెడు కంటే పొడుగు తాడు వద్దు, మెడకి చుట్టుకుంటుంది. మోగే బొమ్మని చెయ్యి చాచి కాదు, మీ చెవి దగ్గర పెట్టుకుని నొక్కండి, ఎందుకంటే వాళ్లు దాన్ని అక్కడే పెట్టుకుంటారు. మీకు చెవి గింగురుమంటే ఆ బొమ్మ వద్దు.

అన్నిటికంటే ముఖ్యం బ్యాటరీ మూత. స్క్రూ ఉండాలి. గోటితో తెరుచుకునే మూతున్నది ఎంత ముద్దొచ్చినా నేను తీసుకోను. రిటర్న్ గిఫ్టుల్లో, సంతలో యాభై రూపాయలకి దొరికే వెలిగే సామాన్లలో, పాట పాడే గ్రీటింగ్ కార్డుల్లో ఈ స్క్రూ తరచుగా ఉండదు.

ఏ వయసుకి ఏది

పుట్టినప్పటి నుంచి ఆరు నెలల దాకా బొమ్మల మీద పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు. మొదటి నెలల్లో వాళ్లకి జానెడు దూరంలో ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది, అంటే ఒళ్లో పడుకున్నప్పుడు మీ మొహం. నలుపు తెలుపు బొమ్మల కార్డు ఒకటి, మూడో నెల దాటాక పట్టుకోవడానికి తేలికైన గిలక్కాయ ఒకటి. గిలక్కాయ పిడి గొంతు దాకా పోనంత పెద్దగా, లోపలి గింజలు బయటికి రాకుండా ఒకే ముక్కగా ఉండాలి. ఉయ్యాలకి అడ్డంగా కట్టే బొమ్మల దండ, పిల్ల చేతులూ మోకాళ్ల మీద లేవడం మొదలుపెట్టగానే తీసేయాలి. ఉయ్యాల్లో నిద్రపోయేటప్పుడు మెత్తటి బొమ్మలు పక్కన పెట్టకండి, ఫొటోకి బాగుంటుంది కానీ మొహం మీద పడితే తోసుకోలేరు.

ఆరు నుంచి పన్నెండు నెలల్లో ప్రతిదీ నోట్లోకే. ఈ వయసుకి నేను కొన్నవాటి కంటే వంటింట్లోవే బాగా పనికొచ్చాయి: స్టీలు గిన్నె, చెక్క గరిటె, ఒకదాంట్లో ఒకటి పట్టే డబ్బాలు, మూతలు. నొక్కితే కీచుమనే రబ్బరు బాతు కొంటే దాని అడుగు చిల్లులోంచి నీళ్లు పూర్తిగా పిండండి, ఒకసారి మా ఇంట్లోదాన్ని కోసి చూస్తే లోపలంతా నల్లగా బూజు.

ఈ వయసులోనే ఇంట్లోవాళ్లు చక్రాల వాకర్ తెస్తారు, మధ్యలో కూర్చోబెట్టి వదిలేసేది. నా ఉద్దేశంలో అది బొమ్మ కాదు, ప్రమాదం. దాంట్లో పిల్ల క్షణాల్లో మెట్ల దాకానో గ్యాస్ పొయ్యి దాకానో వెళ్తుంది, నడక కూడా తొందరగా రాదు. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. దానికి బదులు మన పాత మూడు చక్రాల చెక్క నడక బండి చాలా నయం. అందులో కూర్చోరు, వెనక నిలబడి తోస్తారు, పడితే అక్కడే పడతారు. చక్రాలు మరీ జారకుండా ఉన్నాయో లేదో చూసుకోండి, మెట్ల దగ్గర మాత్రం అది కూడా వద్దు.

ఏడాది నుంచి మూడేళ్ల దాకా అసలు కష్టం ఇక్కడుంది, ఎందుకంటే నడక వచ్చింది, చెయ్యి అందుతుంది, నోటి అలవాటు ఇంకా పోలేదు. పెద్ద దిమ్మలు, గుచ్చే రింగులు, పెద్ద బంతి, లాగే బండి, లావు క్రేయాన్లు, గట్టి అట్టల పుస్తకాలు, ఇసుకా నీళ్లూ. పజిల్ కొంటే మూడు నాలుగు పెద్ద ముక్కలది, పిడి ఉన్నది. అయితే ఆ పిడి ఊడుతుందేమో మెలితిప్పి చూడాలి.

లక్కపిడతల గురించి ఇక్కడే చెప్పాలి. రెండేళ్లు రాగానే వంట ఆట మొదలవుతుంది, అమ్మమ్మలు వెంటనే లక్కపిడతలు తెస్తారు, తేవాలి కూడా. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో వీటిని అంకుడు కర్రతో చేస్తారు. కర్రని యంత్రం మీద తిప్పుతూ దానికి రంగు లక్క ముక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, అంచులన్నీ నున్నగా గుండ్రంగా వస్తాయి. ఆకులు, బెరళ్లు, వేర్లు, గింజల నుంచి తీసిన రంగులు వాడే పనితనం అక్కడ ఉంది, 2017లో ఈ బొమ్మలకి ఆ ఊరి ప్రత్యేకతని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అలాగని లక్క బొమ్మలన్నీ సహజ రంగులే అనుకోకండి, రసాయన రంగులతో చేసేవాళ్లూ ఉన్నారు, అడిగి తీసుకోండి. వీటి మీద ఐఎస్ఐ గుర్తు కనిపించకపోతే కంగారు పడక్కర్లేదు, నమోదైన చేతివృత్తి కళాకారుల బొమ్మలకీ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటిని దానికి అధికారం ఉన్నవాళ్లు చేసినప్పుడూ ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కానీ సైజు పరీక్షకి మాత్రం మినహాయింపు లేదు. లక్కపిడతల పెట్టెలో తిరగలి, రోకలి, బుల్లి గరిటెలు, వేలెడు చెంబులు ఉంటాయి చూడండి, వాటిలో సగం అట్ట గొట్టంలోంచి టకటకా జారిపోతాయి. ఆ సగం మూడేళ్లు నిండేదాకా దాచండి, పెద్దవి ఇవ్వండి.

కొండపల్లి బొమ్మల సంగతి వేరే. తేలికైన పొనికి కర్రతో విడివిడిగా చెక్కిన చేతులూ కాళ్లూ తోకలూ చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, పైన కుంచెతో రంగులేస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు బొమ్మల కొలువులో పెట్టుకోవడానికి చేసినవి, చొంగ కార్చుకుంటూ కొరకడానికి కాదు. దసరాకి కొలువు పెడితే కింది మెట్టు మీద అవి పెట్టకండి, చిన్నపిల్లలున్న ఇంట్లో కింది మెట్టు వాళ్లదే.

మూడు నుంచి ఆరేళ్లలో నోటి భయం తగ్గుతుంది, పూర్తిగా పోదు. డాక్టర్ సెట్టు, బంకమట్టి, పిల్లల కత్తెర, ట్రైసైకిలు, పాత చీరముక్కలతో అంగడి ఆట. పూసలు గుచ్చే సెట్టు ఇస్తే పక్కన కూర్చోండి, ఈ వయసులో నోట్లోకి కంటే ముక్కులోకీ చెవిలోకీ ఎక్కువ పెట్టుకుంటారు. బుల్లెట్లు పేల్చే ప్లాస్టిక్ తుపాకులు నేను ఏ వయసుకీ కొనను, కన్ను పోతే తిరిగి రాదు. లేజర్ లైట్లు కూడా అంతే.

ఆరు దాటాక అష్టాచమ్మా, వామనగుంటలు, బొంగరం, స్కిప్పింగ్ తాడు, చిన్న ముక్కల బిల్డింగ్ సెట్లు, సైకిలు. సైకిలుతో పాటే హెల్మెట్ కూడా కొనండి, తర్వాత కొందాం అంటే కొనరు. ఇంట్లో పసివాళ్లుంటే వామనగుంటల చింతగింజలు, గవ్వలు ఆట అవగానే లెక్కపెట్టి డబ్బాలో పెట్టడం పెద్దవాడి పనిగా అప్పజెప్పండి, వాడికి లెక్కలూ వస్తాయి. తొమ్మిది పది దాటాక గాలిపటాలు. సంక్రాంతికి దారం మీరే కొనండి, నూలుదే కొనండి. నైలాన్ చైనా మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించినా దొంగచాటుగా దొరుకుతూనే ఉంది, మెడలు తెగుతూనే ఉన్నాయి.

గడప దాటనివ్వకూడనివి

బటన్ సెల్ మింగితే విషమని చాలామంది అనుకుంటారు. అసలు ప్రమాదం అది కాదు. తడి గొంతులో ఇరుక్కున్న సెల్ చుట్టూ కరెంటు పారి అక్కడి తడి ఘాటైన క్షారంగా మారుతుంది, రెండు గంటల్లోపే అన్నవాహిక లోపలి పొర కాలిపోవచ్చు. వాచీ నడపలేని పాత సెల్ కూడా ఆ పని చేయగలదు. సీఆర్2032 లాంటి 20 మిల్లీమీటర్ల లిథియం సెల్ అన్నిటికంటే చెడ్డది, సరిగ్గా గొంతులో ఇరుక్కునే సైజు. మింగినట్టు అనుమానం వచ్చినా చాలు, దగ్గు లేదు బాగానే ఆడుకుంటోంది అని చూస్తూ కూర్చోకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లండి, వెళ్లగానే సెల్ మింగిందేమో అని ఆ మాటే చెప్పండి. వాంతి చేయించకండి. అరటిపండు పెడితే దిగిపోతుందని పక్కవాళ్లు అంటారు, పెట్టకండి. ఏడాది దాటిన పిల్లలైతే, మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చిన్న చెంచాల తేనె ఇవ్వొచ్చు, అది కాలడాన్ని కాస్త నెమ్మది చేస్తుంది. తేనె కోసం ఆగకండి, ఏడాదిలోపు వాళ్లకి అసలు ఇవ్వకండి.

మిలమిల మెరిసే చిన్న అయస్కాంతపు గుండ్లు ఇంకొకటి. ఒకటి మింగి కాసేపటికి ఇంకొకటి మింగితే రెండూ పేగుల రెండు మడతల నుంచి ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో గోడకి చిల్లు పెడతాయి. అది ఆపరేషన్ దాకా పోతుంది. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్లీ గోళీలు కూడా అంతే, ఎండుగా ఉన్నప్పుడు సగ్గుబియ్యంలా ఉంటాయి, కడుపులోకి వెళ్లాక ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి, పైగా ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించవు. పూలకుండీలో అందానికి వేసేవి కూడా ఇవే.

బుడగలు. తిరునాళ్లలో బుడగ కొనివ్వకుండా పిల్లల్ని ఇంటికి తేవడం ఎవరి వల్లా కాదు, తెలుసు. ఊదని బుడగ, పేలిపోయిన బుడగ ముక్క, ఈ రెండూ ఎనిమిదేళ్లలోపు వాళ్ల చేతికి అందకూడదు, గొంతుకి అతుక్కుపోతుంది. పైకి ఎగిరే గ్యాస్ బుడగల్లో హీలియంకి బదులు హైడ్రోజన్ నింపేవాళ్లు ఉన్నారు, అది మంట తగిలితే భగ్గుమంటుంది. కొవ్వొత్తులు వెలిగించిన కేకు పక్కన అలాంటి గుత్తి కట్టకండి.

గొంతులో ఏదైనా అడ్డం పడితే

మనకి పొలమారితే నెత్తి మీద తట్టడం, ఎవరో తలుచుకుంటున్నారనడం అలవాటు. బొమ్మ ముక్క అడ్డం పడినప్పుడు నెత్తి మీద తడితే ఏమీ రాదు. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గూ ఏడుపూ రాక మొహం నీలం తిరుగుతుంటే, ఏడాదిలోపు పిల్లల్ని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఐదు నొక్కులు, మళ్లీ దెబ్బలు. ఏడాది దాటినవాళ్లకి ముందుకి వంచి వీపు మీద ఐదు, తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డుకి కాస్త పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదుసార్లు. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలక్కండి, ఇంకా లోపలికి పోతుంది. ఇంకొకరు ఈలోగా 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ మధ్యమధ్యలో నోటితో ఊపిరి ఊదడం, మొదలుపెట్టాలి, దాన్ని చదివి కాదు, ఎవరైనా చూపిస్తుండగా చేసి నేర్చుకోండి. నేను దిండు మీద ప్రాక్టీసు చేశాను, నవ్వుకున్నారు మావాళ్లు, పర్వాలేదు.

ఇంటికి తెచ్చాక

ప్లాస్టిక్ కవరు, థర్మాకోలు, కట్టిన తీగలు, ట్యాగు గుచ్చిన ప్లాస్టిక్ ముల్లు, అన్నీ అక్కడికక్కడే చెత్తబుట్టలో వేయండి. మా ఇంట్లో ఇప్పుడు రెండు పెట్టెలు. కింద ఉన్నది చిన్నదానిది, పైన అలమారాలోది పెద్దవాడిది, వాడు తన ముక్కల బొమ్మలతో డైనింగ్ టేబుల్ మీదే ఆడుకోవాలి, నేల మీద కాదు. మొదట అలిగాడు, తర్వాత అది తన గొప్పతనం అనుకున్నాడు. నెలకోసారి, గ్యాస్ బుక్ చేసిన రోజు గుర్తుంటుందని, కింది పెట్టె మొత్తం బోర్లించి విరిగినవి, పెచ్చులు లేచినవి ఏరేస్తాను. మిగిలినవి సబ్బునీళ్లతో కడిగి ఎండలో పెడితే చాలు, లక్క బొమ్మల్ని మాత్రం నానబెట్టకుండా తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరనిస్తాను. చుట్టాలిచ్చిన పాత బొమ్మలు తీసుకుంటాను కానీ పైన రంగు పెచ్చులూడే పాత ఇనుప, ప్లాస్టిక్ బొమ్మలు తీసుకోను, ఆ పెయింటులో సీసం ఉందో లేదో కంటితో తెలియదు.

ఇక ఊరి నుంచి మా వదిన ఫోన్ చేసి "పిల్లలకేం తెమ్మంటావే" అంటే ఇదివరకు "ఏమీ వద్దొదినా, నువ్వు రా చాలు" అనేదాన్ని, ఆవిడ సంతలో దొరికినదల్లా తెచ్చేది. ఇప్పుడు సూటిగా చెప్తున్నాను: "ఒక పెద్ద బంతి తీసుకురా వదినా, ఫుట్‌బాల్ అంత. బ్యాటరీ ఉన్నదేదీ వద్దు."